మునిగిన చేనులో జన్యువులు
(స్మారకోపన్యాస పాఠం)

నాట్లు వేసి నెల తిరగని వరిచేను వరదలో మునిగితే గట్టు మీద నిలబడ్డవాళ్లకు కనిపించేది ఎర్రనీరు ఒక్కటే. వరికి నీళ్లు కొత్త కాదు. ఆకుల కొసలు గాలిలో ఉన్నంతవరకు వేళ్లు ఎంత బురదలో ఉన్నా దానికి ఇబ్బంది లేదు. ఆకుల్లోనూ కాండంలోనూ ఉన్న గాలి గదుల గుండా ఆక్సిజన్ వేళ్లదాకా దిగుతుంది. ఆ కొసలు కూడా మునిగాక లెక్క మారిపోతుంది. వాయువులు గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో వ్యాపించే వేగం దాదాపు 10 వేల రెట్లు తక్కువ. ఆక్సిజన్ అందదు, కార్బన్ డయాక్సైడ్ అందదు. బురదనీటిలో వెలుతురు కూడా చాలదు కనుక ఆకు తన తిండి తాను తయారుచేసుకోలేదు. ఇంకో సంగతి కూడా జరుగుతుంది, అదే అన్నిటికన్నా ముఖ్యం. మొక్క నిత్యం ఇథిలీన్ అనే వాయువును కొద్దికొద్దిగా తయారుచేసి గాలిలోకి వదిలేస్తూ ఉంటుంది. చుట్టూ నీరు కమ్మాక ఆ ఇథిలీన్ బయటికి పోలేక లోపలే పేరుకుంటుంది. తాను మునిగానన్న కబురు మొక్కకు మొదట అందేది ఈ పేరుకున్న ఇథిలీన్ ద్వారానే.

అప్పుడు వరి ముందు రెండు దారులుంటాయి. ఉన్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టి నీటిని దాటి పైకి సాగడం ఒకటి. కదలకుండా, పెరగకుండా, దాచుకున్నది దాచుకున్నట్టే ఉంచి వరద తీసేదాకా బిగబట్టుకుని ఉండడం రెండోది. ఏ దారి పట్టాలో తేల్చడానికి మొక్కకు మెదడు లేదు, నరాలు లేవు. కణాల్లో ఏ జన్యువు పలకాలి, ఏది మూగబోవాలి అన్న ఏర్పాటే ఆ పని చేస్తుంది. ఒత్తిడికీ హార్మోన్లకూ మొక్క తన జన్యువులతో ఎలా బదులిస్తుందో తెలుసుకోవడానికి మునిగిన వరిచేనుకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం. ఇథిలీన్, జిబ్బరెల్లిన్, అబ్సిసిక్ ఆమ్లం మూడూ ఒకే చేనులో, రెండు మూడు వారాల వ్యవధిలో, ఒకదాని వెంట ఒకటి పనిచేయడం ఇక్కడ కనిపిస్తుంది.

వరి జన్యుక్రమం పూర్తిగా చదివిన ఫలితాలు 2005లో వెలువడ్డాయి. 12 క్రోమోజోముల మీద 37,544 జన్యువులున్నట్టు అప్పటి అంచనా. ప్రతి కణంలోనూ ఇవన్నీ ఉంటాయి, కానీ అన్నీ ఒకేసారి పనిచేయవు. జన్యువుకు ముందు ప్రమోటర్ అనే డీఎన్‌ఏ భాగం ఉంటుంది. దాని మీద ప్రత్యేకమైన అక్షర వరుసలుంటాయి. ఆ వరుసను గుర్తుపట్టి వాలే ప్రొటీన్లను ట్రాన్‌స్క్రిప్షన్ కారకాలంటారు. కొన్ని వాలితే ఆ జన్యువు నకలు ఆర్‌ఎన్‌ఏగా తయారవుతుంది. కొన్ని వాలితే ఆగిపోతుంది. హార్మోన్ గానీ ఒత్తిడి గానీ జన్యువును నేరుగా తట్టడం అరుదు. అవి ఈ కారకాల సంఖ్యనూ, బలాన్నీ, ఆయుష్షునూ మారుస్తాయి. ఆయుష్షును మార్చడం చాలా హార్మోన్ల విషయంలో అసలు కీలకమని తేలింది. ఇది తేలడానికి శాస్త్రానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది.

ఆ ప్రయాణం మొదలైంది కూడా వరితోనే. ఒక రకం తెగులు సోకిన నారు మిగతా నారుకన్నా పొడవుగా, పాలిపోయి, సన్నగా సాగి చివరికి పడిపోతుంది. జపాన్ రైతులు దీన్ని బకానే, అంటే తెలివిలేని నారు అనేవారు. తైవాన్‌లో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్త ఎయిచి కురొసావా 1926లో ఈ తెగులు శిలీంధ్రాన్ని పెంచిన ద్రవాన్ని వడగట్టి, శిలీంధ్రం లేని ఆ ద్రవాన్నే నారుకు పెట్టాడు. నారు అలాగే సాగింది. అంటే సాగదీస్తున్నది శిలీంధ్రం వదిలే పదార్థం. 1935లో దానికి జిబ్బరెల్లిన్ అని పేరు వచ్చింది. ఆ తర్వాత మొక్కలు తమంతట తామే జిబ్బరెల్లిన్లు తయారుచేసుకుంటాయని, కాండం సాగడానికి అవే ఆధారమని తెలిసింది.

జిబ్బరెల్లిన్ ఏదో ఎదుగుదల జన్యువును తట్టి లేపుతుందని అనుకోవడం సహజం. నిజం వేరుగా ఉంది. కణంలో డెల్లా ప్రొటీన్లనే ఒక వర్గం ఉంటుంది. వరిలో దానికి ఎస్‌ఎల్‌ఆర్1 అని పేరు. అది ఎదుగుదలను పట్టి ఆపే బ్రేకు. జిబ్బరెల్లిన్ లేనప్పుడు ఆ బ్రేకు పడే ఉంటుంది. జిబ్బరెల్లిన్ వచ్చినప్పుడు దాన్ని పట్టుకునే గ్రాహకం జిడ్1. వరిలో దీన్ని నాగోయాలో మియాకో ఉఎగుచి-తనాకా, మకోతో మత్సుఒకా బృందం గుర్తించి 2005లో ప్రకటించింది. హార్మోన్‌ను పట్టుకున్న జిడ్1 పోయి ఎస్‌ఎల్‌ఆర్1ను పట్టుకుంటుంది. ఆ జోడీని గుర్తుపట్టే యంత్రాంగం ఎస్‌ఎల్‌ఆర్1కు యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను ముద్రలా తగిలిస్తుంది. ముద్ర పడిన ప్రొటీన్‌ను ప్రోటియజోమ్ ముక్కలు చేసేస్తుంది. బ్రేకు తీసేశాక ఎదుగుదల జన్యువులు వాటంతట అవే పలుకుతాయి.

ఇది ఒక్క జిబ్బరెల్లిన్ పద్ధతి కాదు. ఆక్సిన్ గ్రాహకం టీఐఆర్1 అని 2005లోనే రెండు బృందాలు చూపించాయి. అక్కడా ఆక్సిన్ వచ్చాక ముక్కలయ్యేది అడ్డుపడే ప్రొటీనే. పురుగు కొరికినప్పుడు పుట్టే జాస్మోనేట్ విషయంలో జాజ్ అనే అడ్డు ప్రొటీన్లు ఇలాగే పోతాయని 2007లో తెలిసింది. మొక్క తన రక్షణ జన్యువులను, ఎదుగుదల జన్యువులను సిద్ధంగా పెట్టుకుని వాటి మీద మూత పెట్టి ఉంచుతుంది. ప్రమాదం వచ్చాక కొత్తగా కట్టుకోవడంకన్నా మూత తీయడం త్వరగా అయ్యే పని. అక్కడినుంచి లేచి పారిపోలేని జీవికి ఇంతకన్నా తగిన ఏర్పాటు ఊహించడం కష్టం.

జిబ్బరెల్లిన్ గొలుసులో ఒక్క కొక్కెం తెగితే ఏమవుతుందో తెలుగు నేల కళ్లారా చూసింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్8 పొట్టి రకం. దాన్ని పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో 1967లో పండించి చూపిన నెక్కంటి సుబ్బారావుకు ఆ విత్తనం పేరే బిరుదై మిస్టర్ ఐఆర్8 అని నిలిచిపోయింది. ఎరువు ఎక్కువ వేసినా ఆ చేను పడిపోలేదు. ఆ పొట్టితనం తైవాన్ రకం డీ-జియో-వూ-జెన్ నుంచి వచ్చిన ఎస్‌డీ1 అనే జన్యువు వల్లనని పెంపకందారులకు తెలుసు. కానీ ఆ జన్యువు ఏమి చేస్తుందో 2002 దాకా తెలియలేదు. అది జిబ్బరెల్లిన్ తయారీలో చివరి మెట్లలో ఒకటైన ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు. ఐఆర్8లో అందులోంచి 383 అక్షరాలు ఊడిపోయాయి. హార్మోన్ తక్కువ, కాబట్టి బ్రేకు పూర్తిగా తొలగదు, కాబట్టి కాండం పొట్టి. హరిత విప్లవపు పొట్టి గోధుమల్లో సంగతి దీనికి అవతలి వైపుది: అక్కడ హార్మోన్ తయారవుతుంది, కానీ డెల్లా ప్రొటీన్‌లో హార్మోన్ కబురు అందుకునే మొన లేదు కనుక బ్రేకు ముక్కలు కాదు. రెండు ఖండాల ఆకలిని తీర్చిన రెండు పంటలూ ఒకే బ్రేకు మీద నడిచాయని ఆ పని చేసినవాళ్లకు అప్పట్లో తెలియదు.

మళ్లీ మునిగిన చేనుకు వద్దాం. పేరుకున్న ఇథిలీన్ ఏం చేస్తుంది? ఇథిలీన్ మొక్కల మీద పనిచేస్తుందని తేల్చినవాడు రష్యా శాస్త్రవేత్త దిమిత్రీ నెల్యుబోవ్. ప్రయోగశాలలో దీపాల గ్యాస్ సోకిన బఠాణీ మొలకలు నిట్టనిలువుగా కాక అడ్డంగా పెరగడం చూసి, ఆ గ్యాస్‌లోని ఇథిలీనే కారణమని 1901లో రాశాడు. ఇథిలీన్ గ్రాహకాలు విచిత్రమైనవి. ఇథిలీన్ లేనప్పుడే అవి పనిచేస్తూ, కబురు లోపలికి పోకుండా ఆపుతుంటాయి. ఇథిలీన్ అంటుకున్నాక అవి ఊరుకుంటాయి. అప్పుడు ఇఐఎన్2 అనే ప్రొటీన్ తోక తెగి కేంద్రకంలోకి చేరుతుంది; ఇఐఎన్3 అనే ట్రాన్‌స్క్రిప్షన్ కారకం ముక్కలు కాకుండా నిలుస్తుంది. ఇక్కడ కూడా అడ్డు తొలగడమే జరుగుతోందని గమనించాలి. ఇఐఎన్3 నిలబడి ఇంకొన్ని కారకాల జన్యువులను పలికిస్తుంది. వాటికి ఇఆర్‌ఎఫ్ కుటుంబమని పేరు. వరి ఏ దారి పట్టాలో నిర్ణయమయ్యేది ఈ కుటుంబంలోని ఏడో వర్గం దగ్గర.

మొదటి దారి పట్టినవి లోతునీటి వరులు. బంగ్లాదేశ్ వంటి చోట్ల నెలల తరబడి మీటర్ల లోతు నీళ్లు నిలిచే పల్లాల్లో ఇవి పండుతాయి. నీటిమట్టం పెరుగుతుంటే రోజుకు 20 నుంచి 25 సెంటీమీటర్లు సాగగలవు. వీటిలో స్నార్కెల్1, స్నార్కెల్2 అనే రెండు ఇఆర్‌ఎఫ్ జన్యువులు ఉన్నాయని జపాన్ బృందం 2009లో చూపించింది. ఇథిలీన్ వాటిని పలికిస్తుంది, అవి జిబ్బరెల్లిన్ పనిని పెంచి కణుపుల మధ్య భాగాన్ని సాగదీస్తాయి. 2018లో అదే పరిశోధన ముందుకు సాగి తేల్చిన సంగతి మరింత ఆశ్చర్యకరమైనది. లోతునీటి వరిలో ఇథిలీన్ కబురుకు గట్టిగా పలికే మరో జన్యువు ఎస్‌డీ1. అవును, ఐఆర్8లో దెబ్బతిని మొక్కను పొట్టిచేసిన జన్యువే. ఒక చోట అది పనిచేయకపోవడం వల్ల ధాన్యం నిండింది. ఇంకో చోట అది అతిగా పనిచేయడం వల్ల మొక్క ప్రాణం నిలిచింది. జన్యువుకు మంచిచెడ్డలు లేవు. ఏ ప్రమోటరు వెనుక, ఏ నీటిలో, ఎంతసేపు పలికిందన్నదే దాని గుణం.

మామూలు సాగు రకాలది రెంటికీ చెడ్డ స్థితి. వాటిలో స్నార్కెల్ జన్యువులు ఉండవు, కానీ ఇథిలీన్ పేరుకోగానే ఆకులు కొంత సాగుతాయి. మూడు నాలుగు రోజుల్లో నీరు తీస్తే బతుకుతాయి. వారం, పది రోజులైతే దాచుకున్న పిండి అయిపోతుంది. వరద తీశాక అలాంటి దుబ్బు ఒకటి పీకి చేతిలో పెట్టుకుంటే తేడా తెలుస్తుంది: ఆకులు సాగి, పాలిపోయి, నీళ్లలో నానిన దారాల్లా వేలాడతాయి, మొదలు దగ్గర నొక్కితే మెత్తగా చితుకుతుంది, మొవ్వు లాగితే ఊడి వస్తుంది. ఇథిలీన్ ఆకుల్లోని పత్రహరితాన్నీ కరిగించేస్తుంది కనుక బతికి ఉన్న ఆకు కూడా తన తిండి తాను వండుకునే స్థితిలో ఉండదు.

ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్13ఎ అనే పాత రకం రెండో దారి పట్టింది. రెండు వారాలు మునిగినా చావదని అది ఎప్పటినుంచో పేరుపడింది. దిగుబడి తక్కువ, గింజ నాణ్యత అంతంత మాత్రం. డేవిడ్ మకిల్, కెనాంగ్ షు 1996లో దాని ఓర్పులో చాలా భాగం 9వ క్రోమోజోము మీద ఒకే చోట ఉందని గుర్తించి సబ్1 అన్నారు. పామెలా రొనాల్డ్, మకిల్ బృందాలు 2006లో అక్కడి అసలు జన్యువును పట్టుకున్నాయి. అది సబ్1ఎ; అదీ ఇఆర్‌ఎఫ్ ఏడో వర్గానిదే. అంటే స్నార్కెల్‌కు దగ్గరి చుట్టం. రెండింటినీ పలికించేది ఇథిలీనే. ఒకటి పరుగెత్తమంటుంది, ఒకటి కదలవద్దంటుంది.

సబ్1ఎ కదలవద్దని ఎలా చెబుతుందో జూలియా బెయిలీ-సెరెస్, టకెషి ఫుకావో 2008లో చూపించారు. సబ్1ఎ పలికిన మొక్కలో ఎస్‌ఎల్‌ఆర్1 బ్రేకు, దాని తోటి ప్రొటీన్ ఒకటి, మునకలో కూడా తగ్గకుండా పేరుకుంటాయి. జిబ్బరెల్లిన్ ఉన్నా పనిచేయదు. ఎదుగుదల ఆగుతుంది, పిండి ఖర్చు తగ్గుతుంది. ఆక్సిజన్ లేకుండానే కొద్దిపాటి శక్తి పుట్టించే ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ వంటి ఎంజైముల జన్యువులు పెరుగుతాయి. పత్రహరితం కరగడం ఆలస్యమవుతుంది. ఈ దుబ్బును వరద తీశాక పీకి చూస్తే ఆకుల కొసలు కుళ్లినా మొదలు గట్టిగా ఉంటుంది. కురచగా, ముదురుగా ఉన్న మొవ్వులోంచి పది రోజుల్లో కొత్త ఆకు వస్తుంది.

ఆక్సిజన్ తగ్గిన సంగతిని కూడా ఈ ఏడో వర్గపు కారకాలే పసిగడతాయని 2011లో అరబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న మొక్కలో తేలింది. వీటి మొదటి కొసలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు ఒక ఎంజైమ్ ఆ సిస్టీన్‌కు ఆక్సిజన్ తగిలిస్తుంది, దాంతో కారకం విచ్ఛిన్నానికి గుర్తు పడుతుంది. అంటే మొక్క తన రక్షకుణ్ణి రోజూ తయారుచేసి రోజూ పారేస్తుంది. ఆక్సిజన్ పడిపోయిన పూటే అది మిగులుతుంది. వృథాగా కనిపించే ఈ ఖర్చు వల్ల బదులు నిమిషాల్లో దొరుకుతుంది. సబ్1ఎలో అదే కొస ఉన్నా ఈ విచ్ఛిన్నం నుంచి అది తప్పించుకుంటుంది. ఆక్సిజన్ ఇంకా పూర్తిగా పడిపోకముందే, ఇథిలీన్ కబురు అందినప్పటి నుంచే, అది నిలబడి పనిచేయగలగడానికి ఇది తోడ్పడుతుంది.

ఈ జ్ఞానం పొలానికి చేరిన తీరులో తెలుగు నేలకు నేరుగా పాత్ర ఉంది. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, తూర్పు భారతమంతటా పల్లపు పొలాల్లో వ్యాపించిన రకం. ముంపు తట్టుకోలేకపోవడం దాని లోపం. స్వర్ణను ఓర్పు ఉన్న వరితో కలిపి, ఆ సంతతిని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ, ప్రతి తరంలోనూ డీఎన్‌ఏ గుర్తులు చూసి సబ్1 ముక్క ఉండి మిగతాదంతా స్వర్ణగా ఉన్న మొక్కలను ఏరారు. ఈ పనిని వివరించిన 2007 పత్రానికి మొదటి రచయిత్రి హైదరాబాదు వరి పరిశోధనాలయ శాస్త్రవేత్త సి. ఎన్. నీరజ. స్వర్ణ-సబ్1 భారతదేశంలో 2009లో విడుదలైంది. బాపట్ల వారి సాంబ మసూరికి కూడా ఈ ముక్క చేర్చారు. ఇందులో పరాయి జీవి జన్యువు ఏదీ లేదు. వరి జన్యువే వరిలోకి వెళ్లింది. వరద రానప్పుడు స్వర్ణ-సబ్1 స్వర్ణలాగే పండుతుంది, ఎందుకంటే ఇథిలీన్ పేరుకోనంతవరకు సబ్1ఎ దాదాపు పలకదు. ఒడిశాలో జరిగిన అధ్యయనం 2013లో మరో సంగతి బయటపెట్టింది: ముంపు ఎక్కువగా వచ్చే పల్లపు పొలాలు షెడ్యూల్డు కులాల రైతుల చేతుల్లో ఎక్కువగా ఉండడం వల్ల ఈ విత్తనం మేలు వాళ్లకే ఎక్కువగా అందుతుంది. ఒక ప్రమోటర్ తీరు ఊరి భూముల చరిత్రను ఇలా తాకింది.

వరద తీయడంతో గండం గడిచినట్టు కాదు. రెండు వారాలు నీటిలో ఉన్న ఆకు ఒక్కసారిగా ఎండలోకి వస్తుంది. దెబ్బతిన్న వేళ్లు నీరు తోడలేవు. బురదలో నిలబడి ఉండి కూడా మొక్క ఎండిపోతుంది. ఇక్కడ పని అందుకునేది అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్. వరి ఆకు మీద ఒక్కో పత్రరంధ్రానికి రెండువైపులా డంబెల్ ఆకారంలో రెండు రక్షక కణాలుంటాయి. అవి నీటితో బిగిసి ఉంటే రంధ్రం తెరుచుకుంటుంది, వడలితే మూసుకుంటుంది. ఈ హార్మోన్ కబురును ఆపి ఉంచేవి పీపీ2సీ ఎంజైములు. అబ్సిసిక్ ఆమ్లాన్ని పట్టుకున్న గ్రాహకం ఆ పీపీ2సీనే పట్టి ఆపేస్తుందని 2009లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. దాంతో ఎస్‌ఎన్‌ఆర్‌కే2 అనే కైనేజులు విడుదలవుతాయి. అవి రెండు పనులు చేస్తాయి. రక్షక కణాల పొరలోని అయాన్ మార్గాన్ని తెరిపించి నిమిషాల్లో రంధ్రం మూయిస్తాయి. కేంద్రకంలో కొన్ని కారకాలకు ఫాస్ఫేట్ తగిలించి, గంటల్లో వందల జన్యువులను పలికిస్తాయి. ఎండిన కణంలో ప్రొటీన్లు చెడకుండా కాపాడేవి, చక్కెరలు పేర్చేవి ఆ జన్యువులే. సబ్1ఎ ఉన్న వరి అబ్సిసిక్ ఆమ్లానికి ఎక్కువగా స్పందించి, ముంపు తర్వాతి ఎండను కూడా మెరుగ్గా తట్టుకుంటుందని 2011లో తెలిసింది.

అబ్సిసిక్ ఆమ్లం అవసరం లేకుండా ఎండకూ చలికీ పలికే దారి కూడా ఒకటుంది. దాన్ని నడిపే డ్రెబ్ కారకాలను జపాన్‌లో షినొజాకి దంపతులు వెలికితీశారు. ఎల్లవేళలా డ్రెబ్1ఎ పలికే మొక్క కరువును తట్టుకుంది గానీ గిడసబారిపోయింది. ఒత్తిడి వచ్చినప్పుడే పలికే ప్రమోటరు వెనుక దాన్ని పెడితే ఆ నష్టం చాలావరకు తప్పిందని 1999లో ప్రకటించారు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో అదే జతను వేరుశనగ రకం జేఎల్ 24లోకి పంపితే, ఎద్దడిలో కొన్ని వంశాలు నీటిని మరింత పొదుపుగా వాడాయని 2007లో వెలువడింది.

ఒకసారి ఎదురైన ఒత్తిడిని మొక్క గుర్తుపెట్టుకోగలదు కూడా. డీఎన్‌ఏ కణంలో విడిగా ఉండదు. హిస్టోన్ ప్రొటీన్ల ఉండల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. ఆ హిస్టోన్ల మీద పడే రసాయన గుర్తులు జన్యువును తెరిచి ఉంచుతాయి లేదా మూసి ఉంచుతాయి. అరబిడాప్సిస్‌ను ఒకసారి ఎండబెట్టి నీరు పెట్టి మళ్లీ ఎండబెడితే కొన్ని జన్యువులు రెండోసారి మరింత గట్టిగా పలుకుతాయి. మధ్యలో నీరు అందిన రోజుల్లో కూడా వాటి మీది తెరిచే గుర్తులు చెరిగిపోకపోవడమే కారణమని 2012లో తేలింది. వరి రైతులకు దీని ప్రయోజనం ఇంకా పొలం దాకా రాలేదు.

సబ్1ఎకు హద్దులున్నాయి. అది నాటిన చేనుకు రెండు వారాల లోపు ముంపుకు పనికొస్తుంది. మోకాటి లోతు నీరు నెలల తరబడి నిలిచే చోట సాగకపోవడమే లోపమవుతుంది. వెదజల్లే సాగులో విత్తనమే నీటి కింద ఉంటే సబ్1ఎ ఆదుకోదు. మొలకకు అక్కడ కావలసింది సరిగ్గా దానికి విరుద్ధమైనది: గింజలోని పిండిని చక్కెరగా మార్చి, మొలక తొడుగును త్వరగా నీటిపైకి పంపడం. మయన్మార్ రకం ఖావ్ హ్లాన్ ఆన్‌లో ఆ గుణం ఉంది. దానికి కారణమైన టీపీపీ7 జన్యువు 2015లో గుర్తింపు పొందింది. అది కూడా 9వ క్రోమోజోము మీదే, సబ్1కు దూరంగా, ఉంది. ఈ రెండు ముక్కలనూ ఒకే వరిలోకి చేర్చడం సాధ్యమేనని ఇండోనేషియా రకం సిహెరాంగ్‌లో చేసి చూపారు. విత్తు దశలో ఆ వరి నీటిని దాటి పైకి సాగుతుంది. చేనైన తర్వాత, అదే నీటి కింద, పెరగకుండా ఆగుతుంది.